తేనెటీగలకు చెప్పని మాట

"ఆ పాఠాలు ఫోన్లో నువ్వే విన్నావు. ఒప్పుకో," అన్నాడు వెండెల్.

కాగితం బల్ల మీద ఉంది. పాకం సీసాకి ఆనించి నిలబెట్టారు, ఫొటో నిలబెట్టినట్టు. నిన్న సాయంత్రం టపాలో వచ్చిన దగ్గర్నుంచీ అది అక్కడే ఉంది. చదివినవాళ్ళు చదివి, తీసినచోటే పెట్టారు.

నాడిన్ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరగలేదు. మొక్కజొన్న రొట్టె అడుగంటుతోందేమో అన్నట్టు వంగి చూస్తూ నిలబడింది. అడుగంటడం లేదని ఆమెకు తెలుసు.

"నేను వినలేదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మరెవరు విన్నారు? పిల్లి విందా?"

"నువ్వేమో అనుకున్నా నేను."

"నేనా? మంగళవారం పదింటికి నేనెక్కడుంటానో నీకు తెలీదూ? ఒక చెవిలో స్టెతస్కోపు, ఇంకో చెవిలో ఫోను పెట్టుకుంటానా?"

కాగితంలో ఉన్నవి నాలుగు వాక్యాలే. కోల్డ్ ఫోర్క్ క్లినిక్ తరఫున నమోదైన బాధ్యురాలు శ్రీమతి ఓపల్ కాడిల్, పేదల ప్రభుత్వ వైద్య పథకం మెడికెయిడ్ కొత్త నిబంధనల శిక్షణకు వరసగా ఆరు మంగళవారాలు హాజరయ్యారు. చివరి పరీక్షలో ఇరవై ప్రశ్నలకు ఇరవైకీ సరైన జవాబు చెప్పారు. క్లినిక్ పేరు జాబితాలో కొనసాగుతుంది. అభినందనలు.

ఓపల్ కాడిల్ వెండెల్ తల్లి. ఆమెను చర్చి వెనక గుట్ట మీద పాతిపెట్టి ఎనిమిది నెలలయింది. ఫిబ్రవరి మట్టి రాయిలా గడ్డకట్టి, ఇద్దరు మనుషులు గడ్డపారలతో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తవ్వాల్సి వచ్చింది. ఆ చప్పుడు నాడిన్‌కు ఇంకా చెవుల్లో ఉంది.

"ఎక్కడో పొరపాటు జరిగుంటుంది," అందామె.

"ఒకసారి హాజరు పడితే పొరపాటు. ఆరుసార్లు పడితే?"

బల్ల చివర మామగారు హోబర్ట్ రొట్టెను పాలలో నానబెట్టుకుని చెంచాతో తింటున్నాడు. ముప్పై రెండేళ్ళు బొగ్గు గనిలో చేసిన మనిషి. ఎడమ చెవి గనిలోనే పోయింది. చదువు రాదు, సంతకం మాత్రం బొమ్మ గీసినట్టు గీస్తాడు. కొడుకూ కోడలూ అరుచుకుంటుంటే కుడి చెవి అటు తిప్పకుండా కూర్చోవడం ఆయనకు అలవాటు.

ఆయన గడ్డం గీసుకున్నాడని నాడిన్ గమనించింది. ఆదివారం చర్చికి గీసుకుంటాడు. ఈ రోజు మంగళవారం.

"ఎనిమిది నెలల కిందట నేను చెప్పిన మాట వినుంటే ఈ గొడవే ఉండేది కాదు," అందామె.

"మొదలెట్టావా."

"అత్తయ్య పోయారని ఆఫీసుకి ఒక ఉత్తరం రాయమన్నాను. రాయనిచ్చావా?"

"రాస్తే ఏమయ్యేది? పేరు మార్చడానికి తొంభై రోజులు. ఆ తొంభై రోజులూ క్లినిక్ జాబితాలో ఉంటుందో లేదో చెప్పేవాడు లేడు. ఐవీకి నర్సు రావడం ఆగిపోతే నువ్వెళ్ళి కూర్చుంటావా దాని పక్కన?"

ఐవీ పేరు వస్తే ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఐవీకి ఎనిమిదేళ్ళు. లోయ పైకొసన ఉంటుంది. గొంతులో పెట్టిన గొట్టంతో ఊపిరి తీసుకుంటుంది. ఆ గొట్టం తేమతో పూడుకుపోకుండా చూడడానికి పగలంతా ఒక నర్సు పక్కన కూర్చోవాలి. ఆ నర్సు వచ్చేది వెండెల్ సంతకం మీద. ఈ లోయకంతటికీ డాక్టరంటే వెండెలే. నిజానికి డాక్టరు కాదు, మందులు రాసే అర్హత ఉన్న నర్సు. నవంబరు ఒకటి నుంచి అతని సంతకం చెల్లాలంటే క్లినిక్ బాధ్యురాలు కొత్త శిక్షణ పూర్తిచేసి ఉండాలి. గడువు ఈ శుక్రవారం సాయంత్రం అయిదు. లేకపోతే ఐవీని తొంభై మైళ్ళ అవతల పట్నంలో ఆసుపత్రి మంచానికి చేర్చాలి. దాని తల్లి రోండా బడిలో వంట చేస్తుంది. రోజూ వెళ్ళి రాలేదు.

ఈ నిబంధన సంగతి వీళ్ళకు తెలిసి పదకొండు రోజులే అయింది. అదీ మందుల షాపులో ఎవరో అనుకుంటుంటే. ఆరు వారాల శిక్షణ అప్పటికే అయిదో వారంలో పడింది. ఇక చేసేదేమీ లేదని గతవారమంతా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

ఓపల్ ఉండగా ఇలా జరిగేది కాదు. రాష్ట్రం నుంచి వచ్చే ప్రతి సర్క్యులరూ ఆమె చదివేది. చదివి ఊరుకునేది కాదు. బుధవారం పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, లోయలో వైద్యం పనిచేసే వాళ్ళందరికీ చెప్పేది. మంత్రసాని వచ్చేది, అంబులెన్సు నడిపే ఆయన వచ్చేవాడు, మందుల షాపు ఆమె వచ్చేది. "ఈ ఫారం పాతబడింది, చింపెయ్యండి. వచ్చే నెల నుంచి ఈ గడి ఖాళీగా వదలొద్దు." కాఫీ తాగుతూ రాసుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు సర్క్యులర్లు ఆమె పేరు మీదే, ఆమె ఈమెయిల్ పెట్టెలోకే వస్తున్నాయి. దాన్ని తెరిచే సంకేతం ఆమె ఎవరికీ చెప్పలేదు. బుధవారాలు వరండా ఖాళీగా ఉంటోంది. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తున్నారు, కాగితాలు తిరిగొస్తున్నాయి.

వెండెల్ కుర్చీ వెనక్కి జరిపాడు. గొంతు తగ్గించాడు.

"నాడిన్. నువ్వే విన్నానని ఒక్క మాట అను. అబద్ధమైనా సరే. నాకు నిద్ర పడుతుంది."

ఆమె అప్పుడు వెనక్కి తిరిగింది. అతని కళ్ళ కింద చర్మం నల్లబడి ఉంది.

"అంటే నీకు నిద్ర పడుతుంది. నాకు?"

అతను కాగితం తీసి మడవబోయాడు. అప్పుడు కనబడింది నాడిన్‌కు, ముద్ర కింద నీలం సిరాతో చేత్తో రాసిన వరస. రాత్రి ఇద్దరూ అచ్చువేసిందే చదివారు.

"ఆగు. అదేంటి కింద?"

వెండెల్ వెలుతురులోకి తిప్పి చదివాడు. "ఓపల్ గారూ, మంగళవారం మీ వైపు వస్తున్నాను. తొమ్మిదిన్నరకల్లా ఉంటాను. పోయిన వారం తరగతిలో మీరడిగిన ప్రశ్నకు జవాబు మీ చేతికే ఇస్తాను. మారియెట్ డార్నెల్, శిక్షణ విభాగం."

గడియారం ఎనిమిదీ ముప్పావు చూపిస్తోంది.

"ఏం ప్రశ్న?" అంది నాడిన్.

చెంచా పళ్ళెంలో పెట్టిన చప్పుడయింది. హోబర్ట్ లేచాడు. పొయ్యి పక్కనున్న ఎండు చిక్కుడుకాయల బుట్ట చంకన పెట్టుకున్నాడు. ఇద్దరి మధ్యనుంచీ నడుచుకుంటూ వెనక గదివైపు వెళ్ళిపోయాడు.

*

వెనక గది ఓపల్ గది. నిద్రపోయే గది కాదు, పనిచేసే గది. అందులోకి వెళ్ళడం నాడిన్ మానేసి చాలాకాలమయింది. తొమ్మిదిన్నర దాటినా ఎవరూ రాకపోతే వెళ్ళి తలుపు తోసింది. మైనం వాసన, కాగితాల వాసన కలిసి వచ్చాయి.

బీరువా తలుపు లోపలివైపు సర్క్యులర్లు మేకులకు గుచ్చి ఉన్నాయి, ఏడాదివారీగా. బల్ల మీద పాత ఫోను. లోయలో ఇంటర్నెట్ సరిగ్గా అందని వాళ్ళకోసం రాష్ట్రం వాళ్ళు శిక్షణ ఫోన్లోనే జరుపుతారు. ఒక విడత అయిపోయినా మంగళవారం తరగతులు ఏడాది పొడుగునా ఉంటాయి. ఫోను మీద పై వరస బొత్తానికి ఎర్ర టేపు ముక్క అంటించి ఉంది. దాన్ని నొక్కితే చాలు, తరగతిలో కలుపుతుంది. పేరు పిలిచినప్పుడు కింద ఒకటో అంకె నొక్కితే హాజరు. పరీక్ష కూడా అంతే: ఔనంటే ఒకటి, కాదంటే రెండు.

బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. ఎత్తుది ఓపల్‌ది. పక్కన పొట్టి కుర్చీలో హోబర్ట్ కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. గింజలు రేకుగిన్నెలో టకటకమని పడుతున్నాయి.

"మామయ్యా," అంది నాడిన్, కుడి చెవి వైపు వచ్చి. "ప్రతి మంగళవారం ఇక్కడే కూర్చుంటున్నావా?"

"ఊఁ."

"ఫోను కలుపుతున్నావా?"

"ఎర్రది నొక్కుతా. పదికి పది నిమిషాల ముందే నొక్కాలి. ఆలస్యమైతే లైను దొరకదని మీ అత్త అనేది."

నాడిన్ ఊపిరి వదిలింది. ఇంత చిన్న సంగతికా రాత్రంతా కళ్ళు మూయకుండా పడుకుంది.

"అయితే ఆ హాజరు నువ్వేనన్నమాట. ఒక్క మాట చెప్పొచ్చుగా. నీ కొడుకు నన్ను తినేస్తున్నాడు."

"నేను హాజరేంటమ్మా," అన్నాడు హోబర్ట్. "ఆవిడ చదువుకుంటుంటే ఇరవై ఏళ్ళుగా పక్కన కూర్చుని ఇవి ఒలిచేవాణ్ణి. ఆ గొంతులు వినబడుతుంటే చేతులు బాగా ఆడతాయి. అందుకని కలుపుతున్నా. పేరు పిలిచినప్పుడు నొక్కేది నాకు తెలీదు. నా చేతుల్నిండా కాయలు."

"మరి ఎవరు నొక్కారు?"

ఆయన ఒలుస్తున్న కాయను చివరిదాకా ఒలిచాడు.

"చప్పుడైతే అవుతుంది," అన్నాడు. "టిక్కుమని."

"పోయిన వారం ఎవరో ప్రశ్న అడిగారట. ఆడగొంతు. నువ్వు విన్నావా?"

"ఏదో అడిగినట్టే ఉంది. నా చెవి సంగతి తెలుసుగా. ఆవిడుండేది ఈ ఎడంపక్కే." పొట్టు నేలమీద దులిపాడు. "నేను అటు చూళ్ళేదు."

"ఎందుకు చూళ్ళేదు?"

"చూస్తే కనబడకపోతే?"

నాడిన్ ఎత్తు కుర్చీ వైపు చూడకుండా కిటికీవైపు తిరిగింది.

బయట మంచు ఇంకా తెరిపియ్యలేదు. ఇంటి పక్క పెరట్లో ఓపల్ తేనెపెట్టెలు ఆరూ బూడిదరంగు మరకల్లా కనిపిస్తున్నాయి. ఇంత చలికి తేనెటీగలు గూడు వదిలి రావు. కానీ కిటికీ అద్దం కింది చెక్కమీద, చెక్క పొడుగునా, అవి వరసగా వాలి ఉన్నాయి. ఒకదాన్నొకటి తగులుకుని, తలలు గదిలోకి పెట్టి. ఎగరడం లేదు. రెక్కలు మాత్రం సన్నగా అదురుతున్నాయి. ఆ మోత అద్దంగుండా లోపలికి వస్తోంది.

"ఇవి ఎప్పట్నుంచి వస్తున్నాయి మామయ్యా?"

"మంగళవారాలు వస్తాయి."

నాడిన్‌కు అప్పుడు తట్టింది. ఆ కొండల్లో ఇంట్లో మనిషి పోతే, ఆ ఇంటి పెద్ద వీధితలుపు తాళంచెవితో ఒక్కో పెట్టె మీద మూడేసిసార్లు తట్టి, పోయినవాళ్ళ పేరు చెప్పాలి. చెప్పకపోతే తేనెటీగలు ఉండవంటారు. చస్తాయి, లేదా పోతాయి. ఫిబ్రవరిలో పాతిపెట్టి వచ్చిన సాయంత్రం హోబర్ట్ తాళంచెవి తీసుకుని ఒక్కడే పెరట్లోకి వెళ్ళడం ఆమె చూసింది. చెప్పి వచ్చాడనే అందరూ అనుకున్నారు.

"ఆ రోజు వీటికి చెప్పావుగా?"

గింజలు పడడం ఆగిపోయింది.

"వెళ్ళాను," అన్నాడు హోబర్ట్. "మొదటి పెట్టె దాకా వెళ్ళాను. తాళంచెవి పైకెత్తాను కూడా." ఆయన చేతులు బుట్టలోనే ఉన్నాయి. "నోరు రాలేదమ్మా. చెబితే ఇంక పోయినట్టే కదా."

"చెప్పకపోతే అవి పోతాయంటారుగా. ఇవి పోలేదే."

"ఎందుకు పోతాయి. ఆవిడ ఉందనే అనుకుంటున్నాయి."

పదికి పది నిమిషాలుండగా ముందువైపు కారు ఆగిన చప్పుడయింది. తలుపు తెరిచి మూసిన చప్పుడు. హోబర్ట్ గోడ గడియారం వంక చూడనే లేదు. చెయ్యి చాపి ఎర్ర టేపు మీద నొక్కాడు. ఆయన చెవికోసం ఫోను గొంతు బాగా పెంచి పెట్టి ఉంది. తరగతి మొదలయ్యే దాకా వాళ్ళు వేసే పియానో పాట, ఒకటే నాలుగు చరణాల ముక్క, గదంతా నిండి, తెరిచిన తలుపులోంచి వరండా దాకా పోయింది.

*

మారియెట్ డార్నెల్ ఏభై దాటిన మనిషి. బురదకు పనికొచ్చే బూట్లు వేసుకుని వచ్చింది. వరండాలో కుర్చీ చివర కూర్చుని ఒళ్ళో తోలుసంచి పెట్టుకుంది. సంచి మీద ఒక కవరు ఉంది, అంటించిన కవరు.

"ఈ మంచులో మీ దారి కనుక్కోవడం గగనమైందండీ," అంది. "వంతెన దగ్గర ఒకాయన్ని అడిగా. ఓపల్ గారిల్లంటే, అదోలా చూసి ఇటు చెయ్యి చూపించాడు."

"కాఫీ తెస్తాను," అన్నాడు వెండెల్. కదల్లేదు.

"పందొమ్మిదేళ్ళుగా ఫోన్లో వింటున్నా ఆవిడ గొంతు. ఒక్కసారీ చూళ్ళేదు. మా ఆఫీసులో ఆవిడంటే భయం తెలుసా? మేం సర్క్యులర్ రాసేటప్పుడు, ఇది కోల్డ్ ఫోర్క్ ఆవిడ చదివితే ఏమంటుందో అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాం." నవ్వింది. "ఈమధ్య కాస్త నీరసంగా ఉన్నట్టున్నారు. గొంతు సన్నబడింది. వెనకాల ఏదో మోత కూడా, ఫ్యాను తిరుగుతున్నట్టు."

నాడిన్ గడపలో నిలబడి ఉంది. ఆమె వీపు మీద వెనక గది పియానో పాట వస్తోంది, దాని కింద ఆ మోత.

"అమ్మకి ఒంట్లో బాగాలేదండీ," అన్నాడు వెండెల్. "పడుకుంది."

"అయ్యో. లేపకండి. లేచేదాకా కూర్చుంటా. ఈ కవరు ఆవిడ చేతికిస్తానని మాటిచ్చాను."

"నాకివ్వండి. ఇస్తాను."

"ఏమనుకోకండి. చేతికే ఇమ్మన్నారు. అలాగే అడిగారు: 'నా చేతికి, లేకపోతే మా ఇంట్లో నిజం చెప్పినవాళ్ళ చేతికి.' అదేం మాటో నాకర్థం కాలేదు. పెద్దవాళ్ళు కదా అని సరేనన్నా."

వెండెల్ నాడిన్ వైపు చూశాడు. ఆ చూపులో అరుపు లేదు. చిన్నప్పుడు ఏదో పగలగొట్టి అమ్మ రాకముందే దాచమని అడిగే చూపు అది. మాట్లాడకు అంటోంది. ఐవీ, అంటోంది.

ఐవీ ముఖం నాడిన్‌కు కళ్ళముందు ఆడింది. గొట్టం పక్కన పచ్చ రిబ్బను కట్టుకుంటుంది ఆ పిల్ల. నాడిన్ వెళితే, పెదాలు మాత్రం కదిపి, గొంతు లేకుండా పలకరిస్తుంది. నోరు విప్పితే శుక్రవారానికి ఆ రిబ్బను తొంభై మైళ్ళ అవతల ఏ మంచానికి కట్టి ఉంటుందో. విప్పకపోతే, వచ్చే మంగళవారం కూడా ఆ గదిలో టిక్కుమంటుంది.

ఇంటి పక్కనుంచి అడుగుల చప్పుడయింది. హోబర్ట్ పెరట్లోకి నడుస్తున్నాడు. బుట్ట లేదు. చేతిలో వీధితలుపు తాళంచెవి ఉంది.

"నాన్నా," అని పిలిచాడు వెండెల్. ఆయన కుడి చెవి ఇటే ఉంది. అయినా ఆగలేదు.

మొదటి పెట్టె దగ్గర ఆయన టోపీ తీశాడు. తాళంచెవితో చెక్క మీద తట్టాడు. మూడుసార్లు. వంగి ఏదో అన్నాడు. మంచులో మాట వినబడలేదు, పెదాలు కదలడమే కనబడింది. రెండో పెట్టెకు నడిచాడు.

"ఏం చేస్తున్నారాయన?" అంది డార్నెల్.

వెండెల్ తల దించుకున్నాడు.

"చెబుతున్నాడండీ," అంది నాడిన్. "మా వైపు ఆనవాయితీ. ఇంట్లో మనిషి పోతే తేనెటీగలకి చెప్పాలి."

"అయ్యో, ఎవరు పోయారు?"

మూడో పెట్టె మీద దెబ్బలు వినబడ్డాయి. ఒకటి. రెండు. మూడు.

"మా అత్తయ్య," అంది నాడిన్. "ఓపల్ కాడిల్. ఫిబ్రవరి పదకొండున. మీకు చెప్పాల్సింది. మేం చెప్పలేదు."

వెనక గదిలో పియానో ముక్క మళ్ళీ మొదటికి వచ్చింది.

డార్నెల్ ముందు నవ్వబోయింది. తర్వాత వెండెల్ ముఖం చూసింది. చేతిలో కవరు సంచి మీద పెట్టి, మళ్ళీ తీసింది.

"ఫిబ్రవరి," అంది. "ఈ శిక్షణ మొదలైందే సెప్టెంబరులో."

"అవునండీ."

"నేను పోయిన మంగళవారం ఆవిడతో మాట్లాడాను. పది నిమిషాలు."

ఆమె తన బూట్లవైపు చూసుకుంది. తర్వాత కవరు చివర వేలితో చింపింది, తన కోసమే వచ్చిన ఉత్తరం చింపుతున్నట్టు. కాగితం విప్పింది.

"ఆవిడ అడిగిన ప్రశ్న ఇది," అని చదివింది. గొంతు మారింది. "'క్లినిక్ బాధ్యురాలు చనిపోయి, ఆ సంగతి ఇంట్లోవాళ్ళు దాచిపెట్టి ఉంటే, వాళ్ళని కాపాడే దారి ఏమైనా ఉందా?'"

వెండెల్ స్తంభం పట్టుకున్నాడు.

"జవాబు?" అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు.

"మా పెద్దల్ని అడిగి రాయించా. గడువులోగా ఇంట్లోవాళ్ళే నోరు తెరిచి చెబితే, పాత సంతకాలు తొంభై రోజులు చెల్లుతాయి. మేమంతట మేం కనిపెడితే చెల్లవు." కాగితం తిప్పింది. "ఒక షరతుంది. చెప్పిన తర్వాత వచ్చే మొదటి తరగతిలోనే, కొత్త బాధ్యులు తమ పేరుకి హాజరు పలకాలి. తప్పిపోతే అంతే."

"మొదటి తరగతంటే ఎప్పుడు?" అంది నాడిన్.

పియానో ఆగిపోయింది.

"నమస్కారం అందరికీ," అంది ఫోను, వెనక గదిలోంచి. జలుబు చేసిన మగగొంతు. "డార్నెల్ గారు ఈ రోజు బయటికెళ్ళారు. పాఠం నేను చెబుతా. ముందు హాజరు."

పేర్లు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి లోయల పేర్లో, క్లినిక్‌ల పేర్లో. ఒక్కోదాని తర్వాత ఒక టిక్కు. పెరట్లో హోబర్ట్ ఆరో పెట్టె దగ్గరికి చేరాడు.

"కోల్డ్ ఫోర్క్. ఓపల్ కాడిల్ గారు."

పెరట్లో తాళంచెవి చెక్కకు తగిలింది. మూడుసార్లు.

"ఓపల్ గారూ?"

టిక్కు వినబడలేదు. ఇంటి వెనకనుంచి ఏదో లేచింది, గాలి కాదు. కిటికీ చెక్క మీద వరస అంతా ఒక్కసారిగా లేచి, ఇంటి కప్పు మీదుగా, గుట్టవైపు మంచులోకి పోయింది. మోత పలచబడి, ఆగిపోయింది. నాడిన్‌కు చెవుల్లో ఎనిమిది నెలలుగా ఉన్న ఏదో చప్పుడు ఇప్పుడే ఆగినట్టనిపించింది.

వెండెల్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. ఫిబ్రవరిలో ఏడవని మనిషి.

"లేనట్టున్నారు. సరే," అంది ఫోను. కాగితం తిరిగిన చప్పుడు. "చివర్లో కొత్తగా చేరిన పేరొకటుంది. అది కూడా కోల్డ్ ఫోర్కే. నాడిన్ కాడిల్."

డార్నెల్ చటుక్కున తలెత్తింది.

"మీ పేరు ఎవరిచ్చారు?"

"నేనివ్వలేదు," అంది నాడిన్.

"ఈ లిస్టులో పేరు చేర్చాలంటే పాత బాధ్యురాలే ఫోన్ చెయ్యాలి. నిన్న సాయంత్రం అయిదు దాకా చేర్చుకున్నాం."

నిన్న సాయంత్రం అయిదింటికి ముగ్గురూ వంటింట్లో, ఆ కాగితం చుట్టూ నిలబడి ఉన్నారు.

"నాడిన్ గారూ. రెండోసారి పిలుస్తున్నా."

"వెళ్ళండి," అంది డార్నెల్. "మూడుసార్లే పిలుస్తారు."

నాడిన్ పరుగెత్తలేదు. పరుగెత్తితే కాళ్ళు మాట వినవేమో అనిపించింది. వంటింట్లోంచి నడిచింది. వెనక గది తలుపు తెరిచే ఉంది. పొట్టి కుర్చీ గోడవైపు జరిపి ఉంది. నేలమీద చిక్కుడు పొట్టు. ఎత్తు కుర్చీ బల్లకు ఎదురుగా లేదు. తలుపువైపు తిరిగి ఉంది, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి వీలుగా తిప్పినట్టు.

కూర్చుంది. ఆమె ఎత్తుకి అది సరిగ్గా సరిపోయింది.

"నాడిన్ కాడిల్ గారు. చివరిసారి."

ఒకటో అంకె మీద అరిగిపోయిన గుంట ఉంది, ఇంకొకరి వేలు చేసిన గుంట. అందులో వేలు పెట్టి నొక్కింది. టిక్కుమంది.

"హాజరు పడింది. స్వాగతమండీ," అంది ఫోను. నాడిన్ కళ్ళు మూసుకుంది. ఐవీ పచ్చ రిబ్బను ఉన్నచోటే ఉంటుంది.

"పాఠంలోకి వెళదాం. ఆఁ..." జలుబు గొంతు ఆగింది. వింటోంది. "నాడిన్ గారూ, మీ ఎడమపక్కనున్న ఆవిడ ఏదో అడుగుతున్నట్టున్నారు. సరిగ్గా వినబడడం లేదు. కాస్త ఫోను దగ్గరికి రమ్మంటారా?"

కిటికీలోంచి పెరట్లో హోబర్ట్ కనిపిస్తున్నాడు, టోపీ చేత్తో పట్టుకుని. వరండా మెట్టు మీద వెండెల్ ఏడుపు వినిపిస్తోంది. డార్నెల్ అడుగులు ఇంకా వంటింటి దాకా కూడా రాలేదు.

నాడిన్ ఎడమవైపు చూడలేదు. కుర్చీని మాత్రం, పక్కన ఇంకొకరికి చోటు వదులుతున్నట్టు, కాస్త కుడివైపుకి జరిపింది.